అడ్రసు తప్పిన చీమ

మొన్నామధ్య ఒక పెళ్ళిలో మా బంధువొకాయన నన్ను ఎవరికో పరిచయం చేస్తూ, "ఈవిడ పేరు మీద ఒక చీమ ఉందండీ" అన్నాడు. బ్యాండు మోతలో అవతలాయనకి సగమే వినబడ్డట్టుంది. నమస్కారం పెట్టబోయి ఆగి, కంగారుగా నా చీర వంక చూశాడు.

నాకిది అలవాటే. చీమకి నా పేరుందంటే ముందు నవ్వుతారు, తర్వాత గౌరవిస్తారు, ఆ తర్వాత "అంటే మీరే కనిపెట్టారా?" అంటారు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి ఒక చిన్న నవ్వు నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుని వినయం అనుకున్నారు జనం. మీలో కొందరు కొత్తగా లెక్చరర్లుగా, రిసెర్చి స్కాలర్లుగా చేరుతున్నారు కాబట్టి, ఆ నవ్వు వెనక సంగతి చెబుతాను.

డెబ్బైల్లో విజయవాడలో ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. టెంపరరీ పోస్టు. లెక్చరరు బోర్డు మీద చెప్పినదాన్ని ల్యాబులో పిల్లలకి కోసి చూపించడం నా పని. ఏడాదంతా కప్పలు, బొద్దింకలు, వానపాములు. మా ఇల్లు గుణదలలో. నాన్న రైల్వేలో గుమాస్తా. నా పోస్టు పర్మనెంటు కావాలని మా అమ్మ మరియమాతకి ఎన్ని కొవ్వొత్తులు వెలిగించిందో ఆ తల్లికే తెలియాలి. ఆ పర్మనెంటు కాగితం మా హెడ్‌గారి సంతకం మీద ఆధారపడి ఉండేది.

హెడ్‌గారిది కంకిపాడు వైపు పెద్ద రైతు కుటుంబం. పొలం తమ్ముళ్ళకి వదిలేసి చదువు వైపు వచ్చిన మనిషి. మంచివాడు. గొంతు పెద్దది, కోపం చిన్నది. ఏళ్ళ తరబడి అదే కప్పని అదే వరసలో చెప్పి చెప్పి, రిటైరయ్యేలోగా సైన్సులో తన గుర్తు ఏదో ఒకటి మిగలాలని లోపల ఒక కోరిక పెట్టుకున్నారు. అంతలో షుగరొచ్చింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆయన గుణదల కొండెక్కడం మొదలుపెట్టారు. మా కథలో సైన్సు ప్రవేశించింది ఆ షుగరు మూలంగానే.

వానలు వెనకబడ్డ రోజుల్లో ఒక సోమవారం ఆయన రుమాలు మూట పట్టుకుని ల్యాబులోకి వచ్చారు. మూటలో మూడు చీమలు.

"చూడమ్మా! ఇలాంటి చీమని నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. గండుచీమంత ఒళ్ళు. తల మాత్రం చిన్నది. పొట్ట ఉబ్బి, నల్ల పలకల మధ్య పసుపుపచ్చ చారలు. రాయి కింద దొరికాయట. ఇద్దరం ఉన్న రెండు పుస్తకాలూ తిరగేశాం. ఎక్కడా లేదు. ఆ పుస్తకాల్లో మామూలు గండుచీమ కూడా సరిగ్గా లేదన్న సంగతి మా ఉత్సాహంలో మేం పట్టించుకోలేదు.

వారం రోజులు మైక్రోస్కోపు మీద వంగి ఆ చీమల బొమ్మలు గీశాను, కొలతలు తీశాను. తర్వాత వాటిని కలకత్తాలో చీమలు చూసే ఒక నిపుణుడికి పంపాలి. స్పిరిట్‌లో వేసి పంపాలి. మా కాలేజీకి స్పిరిట్ పర్మిట్ మీద వచ్చేది. ఎప్పుడూ కొరతే. అల్మరాలో ఒక ట్యూబులో, అంతకుముందు ప్రాక్టికల్స్ కోసం దాచిన వానపాము గుడ్లు ఉన్నాయి. గుడ్లు తీసి పక్కన పెట్టి, అదే ట్యూబులో, అదే స్పిరిట్‌లో, అదే దూది బిరడాతో హెడ్‌గారి చీమల్ని వేసి పార్సిల్ కట్టాను. కొత్త స్పిరిట్ పొయ్యాలని, ట్యూబు మూడుసార్లు కడగాలని ఫస్టియరు పిల్లలకి పాఠం చెప్పేది నేనే.

కలకత్తా నుంచి జవాబు రావడానికి నెలలు పట్టింది. విజయవాడ అంతకాలం ఆగలేదు. హెడ్‌గారు క్లబ్బులో ఎవరితోనో అన్నారు, ఆ ఎవరో పత్రికలో పనిచేసే ఇంకెవరితోనో అన్నాడు. "గుణదల కొండపై ప్రపంచానికి తెలియని చీమ" అని లోపలి పేజీలో వార్త వచ్చింది. ఆ వారంలోనే సన్మానం. ప్రిన్సిపాల్‌గారు అధ్యక్షులు. ఒక బియ్యం మిల్లు యజమాని శాలువా కప్పి, "ఇన్నాళ్ళూ చీమలంటే మా మిల్లులో బస్తాలకి పట్టేవే అనుకున్నాను. ఇది మన బెజవాడ పరువు నిలిపిన చీమ" అని మాట్లాడాడు. నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. నిజంగా సంతోషంగానే కొట్టాను.

తర్వాత ఉత్తరం వచ్చింది.

హెడ్‌గారు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు మూసి, కాగితం నా చేతికిచ్చారు. ఎంతో మర్యాదగా రాసిన ఉత్తరం. మీరు పంపిన మూడూ దేశమంతటా ఉండే మామూలు గండుచీమలే, పిల్లదశలోనే వాటి కడుపులో ఒక దారం లాంటి పురుగు చేరితే చీమ ఇలా ఉబ్బి, తల చిన్నదై పెరుగుతుంది, ఒకదాని పొట్ట కోసి చూశాను, బొమ్మ జతచేస్తున్నాను అని. బొమ్మలో చీమ పొట్ట నిండా చుట్టలు చుట్టుకుని పడుకున్న పురుగు. శాలువా కప్పించుకున్నది ఆ పురుగన్నమాట.

"కింద చదువు" అన్నారు హెడ్‌గారు నీరసంగా.

కింద ఇలా ఉంది: "మీ ట్యూబు దూదికి అంటుకుని రెండు చిన్న పసుపురంగు చీమలు వచ్చాయి. కళ్ళు దాదాపు లేవు. ఇలాంటివి మా సేకరణలో లేవు. ఇవి ఎక్కడివి? దయచేసి మరికొన్ని పంపండి. ఏ చోట, ఏ రోజు, దేని మీద, ఎవరు పట్టారో తప్పక రాయండి."

హెడ్‌గారు మెల్లగా తేరుకున్నారు. "అయితే కొత్త చీమ ఉన్నట్టేగా అమ్మా? పెద్దది కాకపోతే చిన్నది. కొండ మీదేగా?"

"అంతే అనుకుంటా సార్" అన్నాను.

నిజానికి ఉత్తరం చదువుతుండగానే నాకు వానపాము గుడ్లు గుర్తొచ్చాయి. ఆ పసుపు చీమలు వాటితో పాటు ట్యూబులోకి వచ్చినవే అయ్యుండాలి. ట్యూబు కడగలేదని చెబితే టెంపరరీ డిమాన్‌స్ట్రేటర్ గురించి ఏమనుకుంటారు? రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రెండు నెలలు నడిచింది.

ఆ రెండు నెలలూ ప్రతి ఆదివారం ఉదయం నేను పూజ ముగించుకుని గుడి మెట్లు దిగేసరికి కొండ కింద హెడ్‌గారు గొడుగుతో సిద్ధంగా ఉండేవారు. వెంట నలుగురు బీఎస్సీ విద్యార్థులు, ఒక గునపం. రాళ్ళన్నీ తిరగేశాం. తేళ్ళు దొరికాయి. జెర్రులు దొరికాయి. హెడ్‌గారికి షుగరు బాగా తగ్గింది. పసుపు చీమ దొరకలేదు. కొండకొచ్చిన భక్తులు మేమేదో నిధి వెతుకుతున్నామనుకుని చుట్టూ మూగేవాళ్ళు. చీమ కోసమంటే ఎవరూ నమ్మలేదు.

ఇంక మా అటెండరు గురించి చెప్పాలి. అప్పటికే యాభై దాటినవాడు. కంకిపాడు రోడ్డులో కాలవ పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ల్యాబుకి కావలసిన కప్పలు, వానపాములు అన్నీ ఆయనే తెచ్చేవాడు. అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నేను బాబాయ్ అనేదాన్ని.

ఒకరోజు చీమ బొమ్మని ఆ ఉత్తరంలోని వివరాలను బట్టి పెద్దగా గీసుకుంటూ కూర్చున్నాను, ఈసారి వెతకడానికి పిల్లలకి చూపించాలని. బాబాయ్ ట్రేలు కడుగుతూ వెనక నిలబడి చూశాడు.

"ఇదేంటి మేడంగారూ, పచ్చచీమా?"

"నీకు తెలుసా?"

"తెలవకేం అండీ. వానపాములు తవ్వేచోట ఇవే కదా. అరటి దుంప కింద వేళ్ళకి తెల్లగా పిండినల్లి పట్టుద్ది చూడండి, దాని చుట్టూ ఉంటాయి. మట్టి కదిలిస్తే ఆ నల్లిని నోట కరుచుకుని పరిగెత్తుతాయి."

నేను పెన్సిలు కింద పెట్టేశాను. "రెండు నెలల్నుంచి మేం దీనికోసమే కొండెక్కుతున్నాం బాబాయ్. నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరు కొండచీమ కోసం ఎక్కుతున్నారనుకున్నానండీ" అన్నాడు. "నన్నెవరూ అడగలేదు కూడాను."

మర్నాడు సెలవు పెట్టి ఆయనతో బస్సెక్కాను. కాలవ గట్టు దిగి అరటితోటలోకి వెళ్ళాం. బాబాయ్ ఒక పిలక పక్కన పారతో మట్టి తిరగేశాడు. తడి నల్లమట్టిలో వేళ్ళు, వేళ్ళ మీద తెల్లటి నల్లి, వాటి మధ్య బియ్యపు నూకల్లో సగం ఉండే పసుపు చీమలు. వెలుగు తగలగానే ఒక్కొక్కటీ ఒక్కో నల్లిని నోట పట్టుకుని మట్టి సందుల్లోకి దూరాయి. తమ పిల్లల్ని వదిలేసి పురుగుల్ని కాపాడుకునే చీమల్ని నేను చూడటం అదే మొదటిసారి.

"తొలకరికి రావాలండీ మీరు" అన్నాడు బాబాయ్. "రెక్కలొచ్చిన ఆడచీమ ఎగురుతూ కూడా నోట్లో ఒక నల్లిని పట్టుకునే పోద్ది. అత్తారింటికి సారె పట్టికెళ్ళినట్టు."

ఆ మాట నా నోటుబుక్కులో రాసుకున్నాను. సారె తీసేసి మిగతాది.

యాభై చీమల్ని పట్టాం. ఈసారి కొత్త ట్యూబు, కొత్త స్పిరిట్. తిరిగి వచ్చి హెడ్‌గారికి అంతా చెప్పేశాను, కడగని ట్యూబుతో సహా. ఆయన తిట్టలేదు. పకపకా నవ్వారు. "మొత్తానికి దొరికింది కదమ్మా!" అన్నారు. నా గుండె తేలికపడింది. లేబుల్ రాయడానికి సన్న పాళీ, ఇండియన్ ఇంకు తెచ్చుకుని ఆయన ఎదురుగానే కూర్చున్నాను.

"ఏ ఊరని రాస్తున్నావ్?"

"కంకిపాడు రోడ్డులో కాలవ గట్టు, అరటితోట అని సార్."

ఆయన నవ్వు ఆగింది. "పేపర్లో గుణదల అని పడింది కదమ్మా."

"అది ఆ పెద్ద చీమల సంగతి సార్."

"ఊరికి తెలిసింది ఒకే చీమ. శాలువా కప్పింది ఒకే చీమకి. ఇప్పుడు ఇంకో ఊరి పేరు రాస్తే, మొదటి చీమ ఏమైందని అడుగుతారు. కడుపులో పురుగుందని చెప్పనా?" ఆయన గొంతు తగ్గించారు. "పైగా కంకిపాడు అరటితోట అంటే మా తమ్ముళ్ళే నవ్వుతారు. మా తోటలో కోటి ఉన్నాయి, వచ్చి ఏరుకో అంటారు. గుణదల కొండ అని రాయి. గడ్డి వేళ్ళ మీద అను. చీమకి అడ్రసుతో పనేంటి? రెక్కలున్నాయిగా, ఎగిరి రాలేదా?"

నేను పాళీ పట్టుకుని కూర్చున్నాను.

"మీ ఊరికే కదమ్మా పేరు!" అన్నారాయన, నాకేదో కానుక ఇస్తున్నట్టు.

ఆయన నన్ను బెదిరించలేదు. నా పర్మనెంటు ఫైలు అదే బల్ల మీద ఉంది గానీ ఆయన దానివైపు కనీసం చూడలేదు. చూసి ఉంటే నాకు ఒక సాకైనా ఉండేది. ఫైలు వైపు చూసింది నేను.

గుణదల కొండ అని రాశాను. మంచి దస్తూరీ నాది. అక్షరాలు అచ్చు వేసినట్టు వచ్చాయి.

"పట్టినవారు అన్నచోట ఎవరి పేరు రాయాలి సార్?"

ఆయన చెయ్యి ఊపారు. ఆయన దృష్టి కలకత్తా నిపుణుడు అచ్చువేయించబోయే వ్యాసం మీద, దాన్ని రాసినవారి పేర్ల మీద ఉంది, అక్కడ ఆయన పేరు ఎలాగూ ఉంటుంది. "నీ పేరే రాసుకో అమ్మా. కష్టపడ్డావుగా" అన్నారు.

నిజమే, నేను కష్టపడ్డాను. నా పేరు రాసుకున్నాను.

వ్యాసం అచ్చయి వచ్చిన రోజు డిపార్ట్‌మెంటంతా హెడ్‌గారి బల్ల చుట్టూ చేరింది. కలకత్తా నిపుణుడి పేరు, పక్కన హెడ్‌గారి పేరు. ఆయన మురిసిపోతూ పేజీ తిప్పి, కొత్త చీమ పేరున్న చోట ఆగిపోయారు. నిపుణుడు "ఓపికగా సేకరించిన యువతి" గౌరవార్థం నా పేరుకి ఒక లాటిన్ తోక తగిలించి ఆ చీమకి పెట్టాడు. హెడ్‌గారు ఆ లైను రెండుసార్లు చదివారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, "శుభం" అన్నారు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ చీమల ఊసెత్తలేదు. పర్మనెంటు కాగితం మీద మాత్రం వెంటనే సంతకం పెట్టారు. చెప్పాను కదా, మంచివాడు.

ఆ ఎగిరే ఆడచీమ సంగతి కూడా వ్యాసంలో ఉంది. హెడ్‌గారు స్వయంగా కొండ మీద చూసినట్టు.

బాబాయ్ మర్నాడు అరటిపళ్ళ అత్తం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మేడంగారి పేరు పెట్టారటగా! మా తోటవాళ్ళు కూడా సంతోషించారండీ." తర్వాత అడిగాడు, "ఏ ఊరని రాశారండీ?"

"గుణదల."

ఆయన ముఖంలో కోపం వెతికాను. లేదు. లెక్క సరిపోనివాడిలా కొంచెం ఆలోచించాడు.

"మరి రేపెవరన్నా కావాలని వస్తే వాళ్ళకి దొరకదు కదండీ" అన్నాడు.

అంతే అన్నాడు. ట్రేలు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం చేసిన తప్పు గురువు దగ్గర ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్ళాను. జాలీ అవతల గురువుగారు ఓపిగ్గా విని, "ఎవరికి నష్టం జరిగింది తల్లీ?" అన్నారు. చీమ అడ్రసుకి అన్నాను. "చీమా?" అన్నారు. మరియమాతకి మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. తేలిగ్గా వదిలిపోయిందని కూడా అనుకున్నాను.

బాబాయ్ రిటైరయ్యాడు, కొన్నేళ్ళకి పోయాడు. హెడ్‌గారూ పోయారు. నేను లెక్చరరునయ్యాను, ఆ తర్వాత నేనే హెడ్‌నయ్యాను. లేబుల్ ఎలా రాయాలో కొన్ని వందల మందికి పాఠం చెప్పాను. ఊరు, తేదీ, పట్టినవారు, ఈ మూడూ లేని నమూనా చెత్తతో సమానం అనేదాన్ని. బాగా చెబుతానని పేరుండేది.

మూడేళ్ళ కిందట ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. చీమల మీద పరిశోధన చేస్తోందట. పూతరేకుల పెట్టె తెచ్చి చేతిలో పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. తన వ్యాసం చూపించింది. నా చీమ గురించే. నాలుగేళ్ళపాటు ఋతువు ఋతువుకీ వచ్చి గుణదల కొండంతా వెతికిందట. ఒక్కటీ దొరకలేదు. మొదటిసారి పట్టాక మళ్ళీ ఎవరికీ కనబడలేదు కాబట్టి, కొండ చుట్టూ ఇళ్ళు లేచాయి కాబట్టి, ఈ జాతి బహుశా అంతరించిపోయిందని తేల్చి రాసింది.

"దాన్ని ప్రాణంతో చూసినవాళ్ళలో మీరొక్కరే మిగిలారు మేడమ్" అంది. కళ్ళలో నీళ్ళు.

కాఫీ పెట్టి ఇచ్చి, మొత్తం చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పినట్టే, ట్యూబు కడగకపోవడం దగ్గర్నుంచి.

ఆ పిల్ల కాఫీ పక్కన పెట్టి, తన వ్యాసం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తిడుతుందేమోనని చూశాను. "అది నా థీసిస్‌లో ఒక చాప్టరు మేడమ్" అంది చివరికి. "వచ్చే నెల సబ్మిట్ చెయ్యాలి." "మా గైడ్‌గారికి ఏమని చెప్పను?" అంది.

అప్పట్లో నా ఫైలు నాకెంత ముఖ్యమో ఆ చాప్టరు తనకంత. కాబట్టి నీతులు చెప్పే మొహం నాకు లేదు. "నేను ఉత్తరం రాసి సంతకం పెట్టి ఇస్తాను. తప్పు నాదని, మొదట చూపించింది ఫలానా ఆయన అని, ఊరితో సహా రాస్తాను. నువ్వు దాన్ని వాడుకుంటావో చింపేస్తావో నీ ఇష్టం" అన్నాను. "చీమ పేరు కూడా మార్చించవచ్చా?"

"పేరు మారదు మేడమ్. ఒకసారి పెట్టాక తప్పని తెలిసినా మార్చకూడదు. రూలు."

పెళ్ళిళ్ళలో నేనింకా నవ్వుతూనే ఉండాలన్నమాట.

ఆ రాత్రి ఆ పిల్ల ఏమాలోచించుకుందో నాకు తెలియదు. పొద్దున్నే ఫోన్ చేసి, "ఆ తోట చూపిస్తారా?" అంది.

ఆటోలో వెళ్ళాం. తోటలో సగానికి పైగా ప్లాట్లు వేసి రాళ్ళు పాతారు. కాలవ పక్కన ఒక చిన్న నేలచెక్కలో మాత్రం అరటి మిగిలింది. మోకాళ్ళు సహకరించక నేను గట్టు మీదే నిలబడి, ఎక్కడ తవ్వాలో చేత్తో చూపించాను. ఆ పిల్ల జీన్స్ బురదవుతున్నా చూసుకోకుండా మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న తాపీతో పిలక పక్కన మట్టి తిరగేసింది. ఒక్కసారే.

"మేడమ్!" అని అరిచిన అరుపుకి కాలవ అవతల గేదెల్ని కడుగుతున్న ఆయన తలెత్తి చూశాడు.

ట్యూబు నింపాక గట్టెక్కి వచ్చింది. నాలుగేళ్ళు వెతికిన చీమ దొరికిన సంతోషం, ఒక చాప్టరు మునిగిన దిగులు, రెండూ కలిసి ముఖం అదోలా ఉంది. బ్యాగులోంచి లేబుల్ కాగితం, సన్న పెన్ను తీసి, ఊరి పేరు రాసింది. తేదీ రాసింది. పట్టినవారు అన్నచోట ఆగి నా వంక చూసింది.

"ఇక్కడ మీ అటెండరుగారి పేరు రాయనా మేడమ్? బాగుంటుంది కదా."

ఒక్క క్షణం నాకూ బాగుంటుందనే అనిపించింది. నోటిదాకా వచ్చింది.

"వద్దమ్మా" అన్నాను. "ఆయన పేరు నా ఉత్తరంలో ఉంటుంది, ఆయన తవ్విన రోజుకి. ఇవాళ తవ్వింది నువ్వు. నీ పేరు రాయి."

రాసింది. కళ్ళజోడు పెట్టుకుని ఊరి పేరు స్పెల్లింగు ఒకసారి సరిచూసి, ట్యూబులో వెయ్యమన్నాను.